ఇంటికా, కేర్ సెంటర్‌కా: స్ట్రోక్ రిహాబ్ వార్డులో ఆ నిర్ణయం ఎలా జరుగుతుంది

రిహాబ్ వార్డులో చేర్చిన రోజే ఇంట్లోవాళ్ళు అడిగే మాట, "మళ్ళీ నడుస్తారా?" అని. దానికి జవాబు చెప్పడానికి మాకు వారమో పది రోజులో పడుతుంది. ఈలోగా నేను వాళ్ళని ఇంకో ప్రశ్న అడుగుతాను: "అర్ధరాత్రి ఆయన బాత్రూమ్‌కి వెళ్ళాలంటే లేచి పట్టుకునేది ఎవరు?" రిహాబ్ అయ్యాక పేషెంటు ఎక్కడికి వెళ్తాడన్నది ఎక్కువగా ఈ రెండో ప్రశ్న దగ్గరే తేలుతుంది. డిశ్చార్జి ప్లానింగ్ నా పని కాబట్టి ఆ నిర్ణయం రోజురోజుకీ ఎలా తయారవుతుందో, ఎక్కడ బెడిసికొడుతుందో చెబుతాను.

బయటినుంచి చూస్తే రెండు దారులే కనిపిస్తాయి, ఇల్లు లేదా కేర్ సెంటర్. నిజానికి ఇల్లు అన్న మాటలోనే మూడు రకాలున్నాయి. ఒంటరిగా ఉండే సొంత ఇల్లు, మనుషులున్న సొంత ఇల్లు, కొడుకో కూతురో అక్కచెల్లెళ్ళో ఉండే వేరే ఇల్లు. కేర్ సెంటర్‌లోనూ కొన్ని వారాలుండి థెరపీ కొనసాగించేది వేరు, శాశ్వతంగా ఉండిపోయేది వేరు. కొందరు మధ్యలోనే నిమోనియాతోనో మరో స్ట్రోక్‌తోనో మళ్ళీ ఆస్పత్రికి పోతారు. "ఇంటికే తీసుకెళ్తాం" అని ఎవరైనా అన్నప్పుడు ఏ ఇంటికి అని అడక్కుండా నేను ఒక్క కాగితం కూడా రాయను.

చేరిన మొదటి రెండు మూడు రోజుల్లో, రోజువారీ పనులు తను ఎంతవరకు చేసుకోగలడో కొలిచే ఫిమ్ స్కోరు వేస్తాం. అందులో 18 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 7 మార్కులు. తినడం, స్నానం, బట్టలు వేసుకోవడం, మలమూత్రాల అదుపు, మంచం నుంచి కుర్చీకి మారడం, నడక, మెట్లు వంటి శారీరక పనులు 13. అర్థం చేసుకోవడం, చెప్పగలగడం, నలుగురితో మెలగడం, సమస్య పరిష్కరించుకోవడం, జ్ఞాపకం కలిపి 5. మొత్తం 18 నుంచి 126 దాకా ఉంటుంది. చేరినప్పుడే 80 దాటినవాళ్ళు దాదాపుగా ఇంటికే వెళ్తారు. 40 లోపు ఉన్నవాళ్ళ దారి కష్టమైనది. మధ్యలో ఉన్న పెద్ద గుంపు విషయంలోనే ఇంటి పరిస్థితి, మనుషుల బలం నిర్ణయం చేస్తాయి.

అయితే మొత్తం మార్కుల కంటే ఏ మెట్టు దాటారన్నది నాకు ముఖ్యం. 1 అంటే పనిలో పావువంతు కూడా తను చేయలేడు, లేదా పట్టుకోవడానికి ఇద్దరు కావాలి. 2 అంటే పావు నుంచి సగం తనది. 3 అంటే సగం నుంచి ముప్పావు. 4 అంటే ముప్పావువంతు పైగా తనే చేస్తాడు, చెయ్యి ఆసరా ఉంటే చాలు. 5 అంటే ముట్టుకోనక్కర్లేదు, కానీ పక్కన మనిషి ఉండాలి లేదా అన్నీ అమర్చిపెట్టాలి. 6 అంటే కర్ర సాయంతోనో, ఎక్కువ టైమ్ తీసుకునో ఒంటరిగా చేసుకుంటాడు. 7 అంటే ఏ లోటూ లేదు.

ఈ మెట్లన్నీ సమానం కావు. ఇద్దరు పట్టుకోవాల్సిన మనిషిని ఒక్కరు లేపగలిగే స్థితికి తెస్తే, భార్య ఒక్కతే ఉన్న ఇంటికి కూడా తలుపు తెరుచుకుంటుంది. 3 నుంచి 4కి వస్తే డెబ్బై ఏళ్ళ భాగస్వామి నడుం విరక్కుండా చూసుకోగలదు. 5 నుంచి 6కి వెళ్తేనే ఒంటరిగా బతికే మనిషి తన ఇంటికి తిరిగి వెళ్ళగలడు. ఇంట్లో పగలంతా ఎవరూ ఉండని పేషెంటుకు 5 అన్న స్కోరు మాకు అన్నిటికంటే బాధ పెట్టేది. చూసేవాళ్ళకి బాగానే ఉన్నట్టుంటాడు, నడుస్తాడు, మాట్లాడతాడు, కానీ ఒక్కణ్ణే వదిలి తలుపు వేయలేం.

స్కోరు వేయడంలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ఉదయం పదింటికి, బాగా నిద్రపోయి లేచాక, థెరపిస్టు పక్కన ఉండగా చేసిన పనిని చూసి మార్కు వేసేస్తారు. అదే మనిషి సాయంత్రం అలసిపోయి, రాత్రి నిద్రమత్తులో ఎలా లేస్తాడన్నది నైట్ డ్యూటీ నర్సుకే తెలుసు. థెరపీ చేయించే జిమ్‌లో 5, రాత్రి మంచం దగ్గర 3 ఉన్న పేషెంటును 5 అనుకుని పంపితే మొదటి వారంలోనే కింద పడతాడు. అందుకే వారానికోసారి జరిగే టీమ్ మీటింగ్‌కి ముందు, నైట్ డ్యూటీ నర్సు నోట్స్ చదవడం నా మొదటి పని.

ముందుగా చెప్పగల గుర్తుల్లో నేను బాగా నమ్మేది కూర్చోవడం. స్ట్రోక్ వచ్చిన 72 గంటల్లోపు ఆసరా లేకుండా 30 సెకన్లు కూర్చోగలిగి, పడిపోయిన కాలిలో కొద్దిగానైనా కదలిక ఉంటే, ఆరు నెలలకి సొంతంగా నడిచే అవకాశం చాలా ఎక్కువని పరిశోధనలు గట్టిగానే చెబుతున్నాయి. చెయ్యి రాకపోయినా ఇంటికి వెళ్ళినవాళ్ళు చాలామంది ఉన్నారు, నడుము నిలవకుండా వెళ్ళినవాళ్ళు తక్కువ. బ్యాలెన్స్‌కి బెర్గ్ స్కేల్ వాడతాం. 14 పరీక్షలు, 56 మార్కులు. నడక వేగం కూడా కొలుస్తాం. సెకనుకు 0.4 మీటర్ల లోపుంటే ఇంట్లో గదుల మధ్య తిరగడానికే సరిపోతుంది, 0.8 దాటితే బయట మామూలుగా తిరగగలరు.

ఇక మంచం నుంచి కుర్చీకి మారడం. ఇంట్లోవాళ్ళకి మేము నేర్పే మొదటి పని ఇది, ఎక్కువమంది తప్పు చేసేదీ ఇక్కడే. వీల్‌చైర్‌ని పేషెంటు బాగున్న వైపు, మంచానికి కొంచెం ఏటవాలుగా, 30 నుంచి 45 డిగ్రీల కోణంలో పెట్టాలి. రెండు బ్రేకులూ వేయాలి, కాళ్ళు పెట్టుకునే పలకలు మడిచి పక్కకి తిప్పాలి. పేషెంటు మంచం అంచుకి జరగాలి, పాదాలు మోకాళ్ళ కంటే కాస్త వెనక్కి రావాలి. అప్పుడు ముక్కు పాదాల వేళ్ళ మీదికి వచ్చేంతగా ముందుకు వంగమనాలి. ఆ వంగడం లేకుండా లేపితే మొత్తం బరువు మీ నడుం మీదే పడుతుంది. బలహీనంగా ఉన్న మోకాలు ముడుచుకుపోకుండా మీ మోకాలు అడ్డం పెట్టాలి. పట్టు పేషెంటు నడుముకి కట్టిన బెల్టు దగ్గరే ఉండాలి. పడిపోయిన చెయ్యి పట్టి గాని, చంక కింద చేతులు వేసి గాని ఎప్పుడూ లాగొద్దు. స్ట్రోక్ తర్వాత ఆ భుజం కీలు వదులైపోయి ఉంటుంది. ఒక్కసారి గట్టిగా లాగితే నెలల తరబడి నొప్పి, ఆ నొప్పితో థెరపీ ఆగిపోతుంది, థెరపీ ఆగితే డిశ్చార్జి దారే మారిపోతుంది.

నిర్ణయాన్ని అన్నిటికంటే ఎక్కువగా తిప్పేది మలమూత్రాల అదుపు. దీని గురించి ఇంట్లోవాళ్ళు గట్టిగా మాట్లాడరు, సిగ్గుపడతారు, కానీ లోపల భయం అదే. రోజుకి ఆరేడుసార్లు బాత్రూమ్ అంటే ఆరేడుసార్లు లేపడం, బట్టలు దించడం, శుభ్రం చేయడం, మళ్ళీ కట్టడం, మళ్ళీ కూర్చోబెట్టడం. రాత్రి రెండుసార్లు లేస్తే చూసుకునేవాళ్ళ నిద్ర పోతుంది. వరసగా పది రాత్రులు నిద్ర లేని మనిషి ఎంత ప్రేమ ఉన్నా చేతులెత్తేస్తాడు. తడి బట్టలో పడుకుంటే చర్మం మెత్తబడి పడకపుండ్లు మొదలవుతాయి.

అందుకే మూత్రం పైపు వేసుకుని వచ్చిన పేషెంటుకి వీలైనంత త్వరగా తీసేస్తాం. పైపు ఎంతకాలం ఉంటే ఇన్ఫెక్షన్ అంత దగ్గరవుతుంది. తీసిన తర్వాత మూత్రాశయంలో ఎంత మిగిలిపోతోందో స్కాన్‌తో చూస్తాం. పగలు ప్రతి రెండు గంటలకి, వచ్చినా రాకపోయినా, బాత్రూమ్‌కి తీసుకెళ్ళి కూర్చోబెడతాం. పొడిగా ఉన్నప్పుడే తీసుకెళ్ళడం ఇందులో కీలకం. తడిసిన తర్వాత మార్చడం వల్ల అదుపు రాదు. నీళ్ళు పగలు బాగా తాగించి సాయంత్రం తగ్గిస్తాం. మలబద్ధకం ఉంటే ముందు దాన్నే సరిచేస్తాం, ఎందుకంటే గట్టిపడిన మలం మూత్రాశయాన్ని నొక్కి లీకవడానికి కారణమవుతుంది. నడుముకి ఎలాస్టిక్ ఉన్న బట్టలు తెమ్మంటాం. ఒంటిచేత్తో బొత్తాలు విప్పేలోపు ఆలస్యమైపోయే సందర్భాలు బోలెడు. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఈ ఒక్క మార్పుతో డైపర్ మానేసినవాళ్ళున్నారు.

మాటతీరు చూసి మోసపోయే చోటు ఒకటి చెప్పాలి. మెదడు కుడివైపు దెబ్బతిన్న పేషెంటు చక్కగా మాట్లాడతాడు. వచ్చినవాళ్ళని పేరు పెట్టి పలకరిస్తాడు. ఇంట్లోవాళ్ళు "బుర్ర బాగానే పనిచేస్తోంది" అని ఊరట పడతారు. కానీ కంచంలో ఎడమ సగం తినకుండా వదిలేస్తాడు, ఎడమ ద్వారబంధానికి భుజం కొట్టుకుంటాడు, వీల్‌చైర్ కుడి బ్రేకు వేసి ఎడమది మర్చిపోయి లేవబోతాడు. తన ఎడమ చెయ్యి పడిపోయిందన్న సంగతే ఒప్పుకోడు. "నాకేమైంది, నడుస్తాను" అంటాడు. ఎడమవైపు లోకమే లేదన్నట్టు ఉండే ఈ స్థితిని నిర్లక్ష్యం అనుకుని కసురుకుంటారు. అది మొండితనం కాదు, జబ్బులో భాగం. ఇలాంటివాళ్ళకి శారీరకంగా స్కోరు ఎంత బాగున్నా 24 గంటలూ కళ్ళు ఉండాలి. ఎడమ మెదడు దెబ్బతిని మాట పోయిన పేషెంటు మాత్రం, చెప్పలేకపోయినా చూపిస్తే నేర్చుకుంటాడు, తన హద్దు తెలుసుకుని నడుచుకుంటాడు. మాట రానివాళ్ళు క్షేమంగా ఇంటికి వెళ్ళడం, గలగలా మాట్లాడేవాళ్ళు వెళ్ళలేకపోవడం మా దగ్గర అరుదేమీ కాదు. మాట రాని పేషెంటు ఒంటరిగా ఉండే మనిషైతే లెక్క వేరు. ఆపదలో ఫోన్ చేసి చెప్పలేడు కదా.

మింగడం సంగతి స్పీచ్ థెరపిస్టు చూస్తారు. నీళ్ళు తాగగానే పొలమారడం, తిన్న తర్వాత గొంతులో తడి గరగర, మళ్ళీ మళ్ళీ జ్వరం, ఇవి గుర్తులు. కొందరికి దగ్గు రాకుండానే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అది ఇంకా ప్రమాదం. ద్రవాలు చిక్కబరిచి ఇవ్వాలా, ముక్కు గొట్టం ఉంచాలా, పొట్టకే గొట్టం వేయాలా అన్నది తేలకుండా డిశ్చార్జి తేదీ పెట్టకూడదు. గొట్టంతో ఇంటికి వెళ్ళడం అసాధ్యం కాదు. తల వైపు ఎత్తి, ఫీడ్ ఇచ్చాక కనీసం అరగంట అలాగే ఉంచి, ఇచ్చే ముందూ తర్వాతా గొట్టంలోకి నీళ్ళు పంపడం నేర్చుకుంటే చాలామంది చేయగలుగుతారు. కానీ నేర్చుకోవడానికి మనిషి వార్డుకి రావాలి.

స్ట్రోక్ వచ్చినవాళ్ళలో సుమారు మూడోవంతు మంది కుంగుబాటులోకి జారతారు. థెరపీకి రానంటే బద్ధకం అని రాసేయకుండా దీన్ని వెతకాలి. మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకి పుంజుకున్నవాళ్ళని చూశాను.

ఇప్పుడు మనుషుల లెక్క. "మేం చూసుకుంటాం" అన్న మాటని నేను నమ్మనని కాదు, ఆ మాటతో ప్లాన్ తయారవదు. అందుకే కాగితం మీద 24 గంటల చార్టు గీసి వాళ్ళ చేతికిస్తాను. ఉదయం ఆరు నుంచి ఎనిమిది ఎవరు, ఆఫీసు వేళల్లో ఎవరు, రాత్రి ఎవరు, ఆ మనిషికి జ్వరం వస్తే ఎవరు. పేర్లు రాసేటప్పుడే ఖాళీలు కనిపిస్తాయి. మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా ఎవరూ లేరని అప్పటిదాకా ఎవరికీ తట్టి ఉండదు. స్ట్రోక్‌కి ముందు ఒంటరిగా ఉన్నవాళ్ళు భాగస్వామితో ఉన్నవాళ్ళ కంటే కేర్ సెంటర్‌కి ఎక్కువగా వెళ్ళడానికి కారణం ఈ ఖాళీలే. చూసుకునే మనిషి ఆరోగ్యం కూడా అడగాలి. మోకాళ్ళ నొప్పులు, గుండె జబ్బు, నడుం ఆపరేషన్ ఉన్న భార్య మొహమాటంతో చెప్పదు. ఆమెను విడిగా కూర్చోబెట్టి అడిగితేనే బయటికి వస్తుంది. చూసుకోవడం ఇష్టం లేనివాళ్ళూ ఉంటారు, వెనక ఎన్నో ఏళ్ళ గాయాలుంటాయి. అలాంటప్పుడు ఒత్తిడి పెట్టి ఇంటికి పంపితే నష్టపోయేది పేషెంటే.

ఇల్లు ఎలా ఉందో మాటల్లో చెప్పమంటే సరిగ్గా రాదు. టేపు పట్టుకుని కొలిచి, ఫోటోలు తీసి తెమ్మంటాను. గుమ్మం నుంచి మంచం దాకా, మంచం నుంచి బాత్రూమ్ దాకా. తలుపు తెరిచాక మిగిలే వెడల్పు 80 సెంటీమీటర్లు ఉంటే వీల్‌చైర్ ఇబ్బంది లేకుండా వెళ్తుంది. గుండ్రంగా తిరగడానికి 150 సెంటీమీటర్ల చోటు కావాలి. ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు, అంటే 15 సెంటీమీటర్ల మెట్టుకి 180 సెంటీమీటర్ల పొడవు. చాలామంది అందులో సగం పొడవుతో కట్టేస్తారు, అప్పుడు తోసేవాళ్ళకి ఎక్కించడం కష్టం, దించేటప్పుడు బండి చేజారుతుంది. కమోడ్ పక్కన పట్టుకునే కడ్డీ గోడలోకి బలంగా దిగాలి. టవల్ స్టాండు పట్టుకుని లేవబోయి దాంతోపాటే కింద పడినవాళ్ళున్నారు. మంచం ఎత్తు పాదాలు నేలకి పూర్తిగా ఆనేలా ఉండాలి. జారే చాపలు తీసేయాలి, మంచానికీ బాత్రూమ్‌కీ మధ్య రాత్రంతా చిన్న లైటు వెలగాలి.

మెట్ల రెయిలింగు ఎటువైపు ఉందన్నది ఎవరూ పట్టించుకోరు. కుడి చెయ్యి బాగున్న పేషెంటు కుడివైపు రెయిలింగు పట్టుకుని ఎక్కుతాడు. దిగేటప్పుడు అదే రెయిలింగు ఎడమవైపుకి వస్తుంది, ఆ చెయ్యి పనిచేయదు. రెండువైపులా లేకపోతే పైకి వెళ్ళి అక్కడే చిక్కుకుపోతాడు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు. పడకా బాత్రూమూ రెండూ మేడ మీదే ఉన్న ఇంటికైతే, కింద గదిలో మంచం, పక్కనే కమోడ్ కుర్చీ వేయగలరా అని మొదటి వారంలోనే అడిగేస్తాను.

వారానికోసారి డాక్టరు, నర్సు, ఫిజియో, రోజువారీ పనులు మళ్ళీ నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు, సోషల్ వర్కరు కూర్చుని మాట్లాడతాం. మొదటి మీటింగ్‌లోనే తాత్కాలికంగా ఒక తేదీ, ఒక గమ్యం, అది కుదరకపోతే రెండో గమ్యం రాసుకుంటాం. ఇంట్లోవాళ్ళకి ఆ రెండూ చెబుతాం. చివరి మూడు రోజుల్లో చెబితే ఏ ఇల్లూ సిద్ధంగా ఉండదు. బాత్రూమ్‌లో కడ్డీ బిగించడానికి, సెలవు పెట్టుకోవడానికి, మనిషిని కుదుర్చుకోవడానికి రెండు మూడు వారాలు కావాలి. టైమ్ చాలక కేర్ సెంటర్‌కి వెళ్ళినవాళ్ళని చూస్తే నాకు ఇప్పటికీ మనసు ఊరుకోదు. వాళ్ళు వెళ్ళింది జబ్బు వల్ల కాదు. ఇన్సూరెన్స్ ఎన్ని రోజులకి ఇస్తుంది, ఇంటికి థెరపిస్టు వచ్చే ఏర్పాటు ఉందా అన్నవి కూడా ఆ మొదటి వారంలోనే కనుక్కోవాలి. ఒక మోస్తరు స్ట్రోక్ వచ్చినవాళ్ళని త్వరగా ఇంటికి పంపి అక్కడే టీమ్‌తో థెరపీ కొనసాగిస్తే ఫలితం బాగుంటుంది, కానీ ఆ టీమ్ నిజంగా ఉన్నచోటే అది చెల్లుతుంది.

నేర్పడం చూపించడంతో అయిపోదు. మొదటిసారి మేము చేసి చూపిస్తాం, రెండోసారి చేయి కలిపి చేస్తాం, మూడోసారి మేము చేతులు కట్టుకుని నిలబడతాం, వాళ్ళే చేయాలి. పగలు మాత్రమే వచ్చిన కొడుకు నేర్చుకుని వెళ్తాడు, ఇంట్లో రాత్రి చూసేది కోడలైతే ఆ శిక్షణ వృథా. చార్టులో పేరున్న ప్రతి ఒక్కరూ రావాలి. డిశ్చార్జికి ముందు ఒక రాత్రి వార్డులోనే పేషెంటుతో ఉండి, బెల్లు కొట్టకుండా అన్నీ తామే చేయమంటాం. తెల్లవారి "మా వల్ల కాదు" అన్నవాళ్ళున్నారు. ఆ మాట ఇంటికి వెళ్ళిన తర్వాత కాకుండా ఇక్కడ చెప్పినందుకు వాళ్ళని మెచ్చుకోవాలి, తప్పుపట్టకూడదు. అప్పటికి ఇంకా వారం చేతిలో ఉంటే మరికొంత థెరపీకో, సహాయకుల కోసమో, మంచి కేర్ సెంటర్ వెతకడానికో వాడుకోవచ్చు.

కేర్ సెంటర్‌కి వెళ్ళే పేషెంటుతో నేను ఒక పేజీ కాగితం పంపుతాను. ఎటువైపు నుంచి లేపాలి, ఎంతమంది కావాలి, ద్రవాలు ఎంత చిక్కగా ఉండాలి, ఏ వేళకి బాత్రూమ్‌కి తీసుకెళ్ళాలి, పడిపోయిన చెయ్యి కింద దిండు ఎలా పెట్టాలి, ఏ మాటలకి స్పందిస్తాడు. ఇది లేకపోతే అక్కడివాళ్ళు భద్రత కోసం డైపర్ వేసి మంచంలోనే ఉంచుతారు, వార్డులో ఆరు వారాల్లో వచ్చింది రెండు వారాల్లో పోతుంది. మూడు నెలలకి మళ్ళీ పరీక్ష చేయించమని తేదీతో సహా రాసిస్తాను. అక్కడ ఇద్దరి నుంచి ఒక్కరి సాయానికి వచ్చి, తర్వాత ఇంటికి మారినవాళ్ళున్నారు.

ఇంటికి వెళ్ళినవాళ్ళకి మూడో రోజు ఫోన్ చేస్తాను. ఎలా ఉన్నారని అడిగితే అందరూ బాగున్నామనే అంటారు. అందుకే వేరేగా అడుగుతాను. నిన్న రాత్రి ఎన్నిసార్లు లేచారు? ఎవరు లేపారు? తాగేటప్పుడు దగ్గు వచ్చిందా? పిరుదుల దగ్గర చర్మం ఎర్రబడిందా? ఆఖరున, పేషెంటును చూసుకునేవాళ్ళకి ఫోన్ ఇమ్మని, మీరు నిన్న ఎన్ని గంటలు పడుకున్నారని అడుగుతాను.